నాలుగు వేళ్ళ వదులు

నవంబరు 4, మంగళవారం

పిల్ల ఫోను చేసింది. బండి పంపమంది.

"ఏ బండి?" అన్నాను.

"విమానం. ఇంట్లో ఎన్ని బండ్లున్నాయేంటమ్మా? దున్నే."

నల్లగా, బరువుగా ఉంటుందని ఆ మోటారు సైకిలుకి అది పెట్టుకున్న పేరు. పోయిన డిసెంబరు నుంచి మా ముందు గదిలో, కిటికీ కింద, దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. దుప్పటి కప్పింది నేనే. దుమ్ము పడకుండా.

ఉద్యోగం చేసే ఊళ్ళో దానికి కష్టంగా ఉందట. పశువులకి టీకాలు వేసే ఉద్యోగం. మందులున్న మంచుపెట్టె భుజానికి తగిలించుకుని బస్సు దిగి, అక్కడి నుంచి నడక. కొట్టం చేరేసరికి మంచు కరిగి మందు పాడవుతోందట. ఈ నెలాఖరుకి సొంత బండి చూపించకపోతే తిరిగే పని ఇంకొకరికి ఇచ్చి, దాన్ని ఆఫీసులో కూర్చోబెడతారట, రిజిస్టర్లు రాయడానికి.

"కుర్చీలో పనేగా. నెత్తిన ఫ్యాను కూడా ఉంటుంది" అన్నాను.

"అమ్మా, నాన్నకివ్వు" అంది.

మావారు సరేనన్నారు. అనక ఏం చేస్తారు, నడపడం నేర్పింది ఆయనే కదా.

నేను ఒక్క మాటే అన్నాను. పంపితే పంపుదాం, ఈసారి సరిగ్గా కట్టించి పంపుదాం అని. పోయిన డిసెంబరులో పిల్ల పడినప్పుడు బండిని ఎవరో వ్యానులో వేసి కొబ్బరితాడుతో కట్టి తెచ్చారు. రోడ్డు మీద పడినప్పుడు విరిగింది పిల్ల భుజం ఎముకేనట, బండికి తగిలిన దెబ్బలన్నీ ఆ వ్యానులో తగిలినవేనట. మావారు అప్పుడే చెప్పారు. కదలకుండా కట్టిన వస్తువుకి అన్ని దెబ్బలు ఎలా తగులుతాయో నాకు అప్పటి నుంచీ తెలుసుకోవాలని ఉంది.

ఊరికే. తెలుసుకోవాలని.

నవంబరు 5, బుధవారం

పొద్దున ప్రార్థనలో పిల్లని చల్లగా చూడమని అడిగాను. బండి గురించి ఏమీ అడగలేదు.

నవంబరు 6, గురువారం

లాండ్రీలో నా పని రెండింటికి అయిపోతుంది. అటు నుంచి అటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసంటే రేకుల షెడ్డు, ముందు ఖాళీ స్థలం, అందులో మూడు లారీలు. గుమాస్తా కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, వాటి కోసమే సొరుగులన్నీ వెతుకుతున్నాడు. నుదుటి మీద ఉన్నాయని చెప్పాను. అప్పటి నుంచి నాతో మర్యాదగా ఉన్నాడు.

పిల్ల ఉండే వైపు రెండు వారాలకొక లారీ వెళ్తుంది. వచ్చే గురువారం బయలుదేరి శనివారానికి చేరుతుంది. దాని డ్రైవరుని అక్కడ అందరూ నిదానం అంటారు. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదని గుమాస్తా నవ్వాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. మాట, నడక, లారీ, అన్నీ నిదానమే.

"బండిని స్టాండు మీద నిలబెట్టి గట్టిగా కట్టేస్తారు కదా అన్నగారూ?" అని లారీ పక్కనే ఉన్న ఆయన్ని అడిగాను.

"అందరూ చేసే తప్పే అది చెల్లెమ్మా" అన్నాడు. "లారీ గుంటలో పడ్డప్పుడల్లా బరువంతా ఆ ఒక్క కాలు మీదే పడుతుంది. కాలు వంగుతుంది, లేకపోతే జారుతుంది. కట్టేశాక స్టాండు మడిచెయ్యాలి. బండి దాని చక్రాల మీద అదే నిలబడాలి."

నాకు ఆశ్చర్యం వేసింది. ఆసరా ఉంటే పడదనుకున్నాను. ఆసరా వల్లే పడుతుందట.

ముందు చక్రం లారీ ముందు గోడకి ఆనుకోవాలి. నాలుగు బెల్టులు. రెండు ముందుకీ పక్కలకీ లాగాలి, రెండు వెనక్కీ పక్కలకీ లాగాలి. అన్నీ కిందికే. తాడైతే సాగుతుంది, గీరుతుంది, అందుకని బెల్టు. ఇనుప కొక్కెం బండికి తగలకుండా మధ్యలో మెత్తటి గుడ్డ ఉచ్చు.

ఇదంతా బస్సులో టికెట్టు వెనక రాసుకున్నాను. ఇంటికొచ్చి ఇందులో ఎక్కించాను.

నవంబరు 8, శనివారం

నిదానం గారిని అడిగి ఒక పాత బెల్టు తెచ్చుకున్నాను. చివర బకిల్ ఉంటుంది. బెల్టుని అందులోంచి లాగితే పట్టేస్తుంది, వెనక్కి రాదు. బొటనవేలితో బకిల్ నొక్కితే మాత్రం మాట్లాడకుండా వదిలేస్తుంది. ఇంత బలమైన వస్తువుకి అంత చిన్న నోరు.

కుర్చీని కిటికీ ఊచలకి కట్టి చూశాను. లాగాను, నొక్కాను. మళ్ళీ లాగాను. మావారు కొట్టు కట్టేసి వచ్చేసరికి నేను కుర్చీ ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. ఆయనది గడియారాలు బాగుచేసే పని. దేన్ని చూసినా ఒక కన్ను మూసి చూస్తారు.

"కుర్చీ ఏ ఊరు వెళ్తోంది?" అన్నారు.

"ఎక్కడికీ వెళ్ళదు. నేర్చుకుంటున్నాను."

"నీకెందుకే ఇదంతా? కట్టేవాడు కడతాడు."

"తెలుసుకుంటే తప్పేంటి?"

"తప్పని నేనన్నానా" అని పక్క కుర్చీలో కూర్చున్నారు. "పోయినసారి దాన్ని నడపొద్దన్నావు. ఇప్పుడు బండి నువ్వే కట్టి పంపిస్తానంటున్నావు. మనసు మార్చుకున్నావా?" అని అడిగారు.

అన్నం చల్లారిపోతుందన్నాను.

నవంబరు 9, ఆదివారం

ప్రార్థన అయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఎవరిదో ఎర్ర బండి ఎక్కిస్తున్నారు. గుమాస్తా నన్ను చూసి, "రండమ్మా, మీ కోసమే ఆపాం" అన్నాడు. వేళాకోళమే. అయినా ఒక స్టూలు తెచ్చి వేశాడు.

పలక వాలుగా పెట్టి బండిని పైకి నెట్టారు. ముందు చక్రానికి అటూ ఇటూ రెండు గొట్టాలుంటాయి, లోపల స్ప్రింగులు. ముందు బెల్టులు రెండూ ఆ గొట్టాల పైభాగం నుంచి వెళ్తాయి. నిదానం గారు ఒక పక్క కాస్త, ఇంకో పక్క కాస్త లాగుతుంటే బండి ముందు భాగం మెల్లగా కిందికి దిగింది, దణ్ణం పెడుతున్నట్టు.

"ఎందుకు అణచాలి?" అని అడిగాను.

"స్ప్రింగు పైకి లేవాలని చూస్తుంది. బెల్టు లేవనివ్వదు. ఆ ఇద్దరి పంతం మీదే బండి నిలబడుతుంది."

"అయితే పూర్తిగా అణిచేస్తే ఇంకా మంచిది కదా?"

"చేశారు కొందరు. లోపల సీలు చితికి నూనె కారిపోయింది. సగమే అణచాలి చెల్లెమ్మా. దానికీ కాస్త ఊపిరాడాలి."

ఎంత చిన్న విషయంలో ఎంత లెక్క ఉందో. దేవుడు మనుషులకి ఎన్ని తెలివితేటలిచ్చాడో.

ఊరికే అడిగినట్టు, "నాలుగింట్లో ఒకటి వదులైతే ఏమవుతుంది?" అన్నాను.

"వెనకది వదులైతే తోక ఊపుతుంది, అంతే. ముందుది వదులైతే కష్టం. ఎడమది వదులైందనుకోండి, కుడిది దాన్ని తనవైపు లాగేస్తుంది. హ్యాండిల్ తిరుగుతుంది. ఇక గుంట దయ, బండి ప్రాప్తం."

"కుడి వైపుకి పడుతుందా?"

"కుడి వైపుకే."

బండి మీద వేయడానికి ఇంట్లో పాత బొంతలు రెండున్నాయి, తెస్తానన్నాను. ఒకటి బండికి, ఒకటి తనకి అన్నాడు. ఎండ వేళ లారీ ఆపి ఒక గంట నడుం వాలుస్తాడట. క్యాబినులో ఉడికిపోతుందని వెనక సామాను పక్కనే పడుకుంటాడట, కుడి మూల. ముప్పై ఏళ్ళుగా అదే మూలట. మనిషికి అలవాటు ఎంత చిత్రమో.

అన్నీ రాసుకున్నాను.

నవంబరు 10, సోమవారం

మా లాండ్రీకి ఆసుపత్రి నుంచి ఇవాళ రెండు బండ్ల దుప్పట్లు వచ్చాయి. వర్షాకాలం పోయినా ప్రమాదాల వార్డు మూట చిన్నది కాలేదు. ఆ మూట విప్పేది నేనే. అలవాటైపోయింది.

నవంబరు 11, మంగళవారం

మావారు బండి అద్దాలు రెండూ విప్పి పాత కాగితంలో చుట్టారు. పెట్రోలు తీసేసి అడుగున కాస్త వదిలారు. చేతులు కడుక్కోకుండానే టీ తాగారు.

"పిల్ల పడిన రోజు వాన. రోడ్డు మీద నూనె ఉంది. అది తప్పుగా నడపలేదు" అన్నారు. నేను అడగలేదు. పదకొండు నెలల్లో ఈ మాట ఎన్నిసార్లు అన్నారో.

"నేనేమన్నా అన్నానా?"

"నువ్వు ఎప్పుడన్నా అంటావా? నోట్లో నాలుక లేని మనిషివి. అనకుండానే అంటావు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

బొంతలు రెండూ మడిచి మూట కట్టాను.

నవంబరు 12, బుధవారం

పిల్ల ఫోను. "దున్నకి మేత పెట్టావా? రేపు ప్రయాణం, దిష్టి తగలకుండా చూడు" అని నవ్వుతోంది. చాలా రోజులకి అంత నవ్వు విన్నాను. రిజిస్టర్ల పనికి ఇంకో అమ్మాయిని చూశారట. బండి వస్తే ఆ కుర్చీ ఆ అమ్మాయిది, ఇది తిరుగుతూనే ఉండొచ్చు.

బండి రాకపోతే ఏమవుతుందని అడగలేదు. తెలుసు కాబట్టి.

నవంబరు 13, గురువారం

బండి వెళ్ళింది.

వివరంగా రాసుకుంటాను. మూడున్నరకి మావారూ నేనూ తోసుకుంటూ తీసుకెళ్ళాం. నిదానం గారు బొంతల మూట విప్పబోయి విప్పలేకపోయాడు. "ఇదేం ముడి చెల్లెమ్మా? పెళ్ళిలో మూడు ముళ్ళు కూడా ఇంత గట్టిగా వెయ్యరే" అన్నాడు. మా లాండ్రీ ముడి అని చెప్పాను. కొసని రెండు చుట్లు తిప్పి, కిందుగా తీసి, చెవి లోపలికి దోపాలి. ఎంత విసిరినా మూట విడిపోదు. ఎక్కడ లాగాలో తెలిసినవాళ్ళకి ఒక్క లాగుతో వస్తుంది. లాగి చూపించాను. మావారు కొట్టు తెరవాలని వెళ్ళిపోయారు.

ముందు చక్రం గోడకి ఆనింది. ముందు కుడి, ముందు ఎడమ, మార్చి మార్చి లాగాడు. బండి సగానికి దిగింది. వెనక రెండూ కట్టాడు. గేరులో వేశాడు. స్టాండు మడిచాడు. బెల్టు రాసుకునే చోటల్లా గుడ్డ పెట్టాడు. బెల్టుల కొసలు మెలిపెట్టి, బెల్టు కిందే దూర్చాడు. సీటు పట్టుకుని ఊపి చూపించాడు. బండి ఊగలేదు, బండితోపాటు లారీయే ఊగింది. "ఇప్పుడిది లారీలో సామాను కాదు, లారీలో భాగం" అన్నాడు. చూడటానికి ఎంత బాగుందో. నాలుగు వైపుల నుంచి నలుగురు చెయ్యి పట్టుకున్నట్టు.

తర్వాత ఆయన కాగితాల మీద సంతకాలకి లోపలికి వెళ్ళాడు. నేను కాసేపు లారీ మీదే ఉన్నాను. తర్వాత దిగి ఇంటికొచ్చాను.

ముందు గది ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరక. తుడిచాను.

నవంబరు 14, శుక్రవారం

పొద్దున ప్రార్థన సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది.

నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నాను.

నిదానం గారు లోపలికి వెళ్ళాక ముందు ఎడమ బెల్టు బకిల్ మీద బొటనవేలు పెట్టాను. నొక్కాను. బెల్టు జారింది. నాలుగు వేళ్ళ వెడల్పు. బండి ముందు భాగం ఒక పక్క కొంచెం లేచింది, మనిషి నిట్టూర్చినట్టు. వేలు తీసేశాను. అంతే. లెక్కపెడితే మూడు క్షణాలు కూడా పట్టి ఉండదు.

ఎందుకు అని నన్ను నేను అడిగితే, చూద్దామని అని జవాబు వచ్చింది. ఏమవుతుందో చూద్దామని. నేను అక్కడ లేని చోట ఎలా చూస్తానో ఆ జవాబులో లేదు.

తడిగుడ్డతో గొంతు కోసే రకం అని ఎవరినైనా అంటే నవ్వేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా నా చేతిలో ఉన్నవి తడిగుడ్డలే.

బండి విరిగితే పిల్లకి కుర్చీ వస్తుంది. నేను కోరుకున్నది అంతే. కీడు కోరలేదు. బండికి ప్రాణం లేదు కదా, బండికి కోరితే కీడు కాదు. ఈ మాటే దేవుడి ముందు చెప్పబోయాను. అక్కడే ప్రార్థన ఆగింది.

అదే రోజు, మధ్యాహ్నం

పదిన్నరకి పిల్లల వార్డు దుప్పట్లు మూట కడుతున్నాను. కొస రెండు చుట్లు తిప్పి, కిందుగా తీసి, చెవి లోపలికి దోపుతుంటే బొంతల మూట గుర్తొచ్చింది. ఒకటి బండికి, ఒకటి ఆయనకి. ఎండ వేళ. కుడి మూల.

రాసుకున్నాను కూడా. నా దస్తూరీతో, ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. ఎడమది వదులైతే కుడికి పడుతుందని ఒక వాక్యం, ఆయన కుడి మూల పడుకుంటాడని కిందే ఇంకో వాక్యం. రెండింటికీ మధ్య బొంత కూడా నేనే పరిచాను.

మూట అలాగే వదిలేసి నిదానం గారికి ఫోను చేశాను. అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాను. ఏడుసార్లు. సూపర్వైజరమ్మ, "ఎవరికే అంత తొందర?" అంటే, చెప్పకుండా చెప్పులు వేసుకుని బయటపడ్డాను. ఇన్నేళ్ళలో పని మధ్యలో వెళ్ళడం ఇదే మొదలు.

ఆఫీసుకి పరుగెత్తాను. యాభై ఏళ్ళ మనిషి పరుగెత్తితే రోడ్డు మీద అందరూ దారి ఇస్తారని తెలిసింది.

"నిదానం గారికి ఫోను కలవాలి. ముందు ఎడమ బెల్టు వదులుగా ఉంది" అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "ఆయన కట్టింది వదులవదమ్మా. మీరు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"వదులుగా ఉంది."

"మీకెలా తెలుసు?"

"నేనే వదులు చేశాను."

కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి నా వంక చూశాడు. తమాషా అనుకున్నాడేమో, నా మొహం చూశాక అనుకోలేదు. "మీరా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఫోను తీసి తనూ చేశాడు. ఆ దారి కొండల్లో ఉంటుందట, సాయంత్రం దాకా ఫోను కలవదట. దారిలో ఒక పెట్రోలు బంకు ఉందట, వాళ్ళకి చేశాడు. లారీ గంట క్రితమే దాటిపోయిందన్నారు.

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై. ఎండ వేళ అంటే ఎన్ని గంటలకి అని గుమాస్తాని అడిగాను. పన్నెండున్నర, ఒంటి గంట అన్నాడు.

స్టూలు మీద కూర్చున్నాను. ఆదివారం నా కోసం వేసిన స్టూలే. ఎన్ని ప్రశ్నలు అడిగాను ఆ స్టూలు మీద కూర్చుని. ఆయన్ని ఇంట్లో ఎవరెవరున్నారని ఒక్కసారి అడగలేదు. గుమాస్తాని అడిగాను. భార్య, అత్తగారు, ఒక మనవరాలు అన్నాడు.

పన్నెండయింది. ఒంటి గంటయింది. రెండయింది. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. చేసింది నేను. ఆయన్ని కాపాడమంటే నా పని దేవుడి మీద వేసినట్టు. అడగకుండా ఉండటం నా వల్ల కాలేదు, అడిగాను.

అదే రోజు, సాయంత్రం

నాలుగూ పదికి ఆఫీసు ఫోను మోగింది. గుమాస్తా రెండు మాటలు విని, రిసీవరు నా చేతికిచ్చి, వాకిట్లోకి వెళ్ళి లారీ టైర్లు చూస్తూ నిలబడ్డాడు.

"అన్నగారూ, బాగున్నారా?" అన్నాను.

"బాగున్నా చెల్లెమ్మా. భోంచేశాను, పడుకుని లేచాను."

"ముందు ఎడమ బెల్టు..."

"బిగించాను. నిన్ననే. బయలుదేరిన అరగంటకే."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఎంత గట్టిగా కట్టినా మొదటి అరగంటలో బండి కుదురుకుంటుందట, బెల్టు సాగుతుందట. అందుకని ఏ సామాను వేసినా అరగంటకి లారీ పక్కకి ఆపి, ఎక్కి, ప్రతి బెల్టూ చేత్తో లాగి చూస్తాడట. నిదానం అని పేరు వచ్చింది అలాగేనట. ఇన్ని అడిగాను, కట్టాక ఏం చేస్తారని అడగలేదు.

"బెల్టు సాగింది కాదు. నేను వదిలాను" అన్నాను.

"తెలుసు."

"ఎలా?"

"నేను కొసని మెలిపెట్టి దూరుస్తాను. అది విప్పి ఉంది. దాని బదులు రెండు చుట్లు తిప్పి, కిందుగా తీసి, చెవి లోపలికి దోపిన ముడి ఉంది. మూడు ముళ్ళ కన్నా గట్టిది. వేలాడుతున్న కొస చూడలేకపోయారు మీరు."

అది నేను రాయలేదు. రాయలేదని కాదు, గుర్తే లేదు. చేతులు వాటంతటవే కట్టేశాయి. చెయ్యకూడని పని చేసి, దాన్ని శుభ్రంగా సర్ది మరీ వచ్చాను.

"మరి నిన్ననే ఎందుకు ఫోను చెయ్యలేదు అన్నగారూ?"

"మొదట కోపం వచ్చింది. ఒక పది కిలోమీటర్ల దాకా ఉంది. తర్వాత ఆకలేసింది. ఆ తర్వాత, మీరే చేస్తారేమో చూద్దామనుకున్నాను. ఇవాళ బంకు వాళ్ళు వెనక లారీవాడితో కబురు పంపారు, ఆఫీసు నుంచి ఒకావిడ కంగారు పడుతోందని. అప్పుడు చేశాను."

"పడేదా?"

"పడకపోయేదేమో. పడేదేమో. గుంటని బట్టి." అన్నాడు. "నేను పడుకునే మూల మీకు తెలుసు కదా."

"తెలుసు."

"మర్చిపోయారు."

"మర్చిపోయాను."

"అదీ సంగతి. బండి ఒక్కటే కనపడింది మీకు." మాట మెత్తగానే ఉంది. "ఇకమీదట మీ సామాను ఏదున్నా తెండి, తీసుకెళ్తాను. మీరు మాత్రం కిందే నిలబడాలి. నా లారీ ఎక్కనివ్వను."

"సరే అన్నగారూ."

"మీ అమ్మాయికి నేను చెప్పను. అది మీ మూట."

నవంబరు 15, శనివారం

మధ్యాహ్నం పిల్ల ఫోను చేసింది. "అమ్మా, దున్న దిగింది. ఒక్క గీత లేదు. డ్రైవరు మామ భలే కట్టాడు, విప్పడానికే పావుగంట పట్టింది."

మావారు పక్కనే ఉన్నారు. నేను చేసింది ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. రెండుసార్లు చెప్పే బలం లేదు.

మావారు రెండు కళ్ళూ తెరిచి నన్ను చూశారు.

"ఎంత వదిలావు?" అంది పిల్ల.

"నాలుగు వేళ్ళు."

"ఏ బెల్టు?"

"ముందు ఎడమ."

"అన్నీ తెలుసుకునే చేశావన్నమాట." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నన్ను అడగొచ్చు కదమ్మా, వెళ్ళొద్దని."

"అడిగితే ఆగేదానివా?"

"లేదు."

"అందుకే."

"అందుకే బండి విరగ్గొడతావా?"

కుర్చీ మీదున్న పాత బెల్టు తీసి చుట్ట చుట్టాను, రేపు తిరిగిచ్చేద్దామని.

"నాకు కోపంగా ఉంది. రెండు రోజులు ఉంటుంది. సోమవారం నుంచి పనిలోకి వెళ్తున్నాను, దున్న మీద" అంది.

"వెళ్ళు."

"ఏమన్నావు?"

"వెళ్ళమన్నాను. ఒక్కటి అడగనా?"

"అడుగు."

"బయలుదేరిన అరగంటకి ఒకసారి ఆపు. పక్కకి ఆపి, దిగి, బండి చూసుకో. మంచుపెట్టె బెల్టు లాగి చూడు. నీకు రాదని కాదు. ఎంత బాగా కట్టినా మొదటి అరగంటలో కుదురుకుంటుందట. చూసి, నాకో మాట చెప్పి, మళ్ళీ వెళ్ళు."

"రోజూనా?"

"రోజూ అనలేదు."

"అనకుండానే అన్నావు" అంది. వాళ్ళ నాన్న పోలిక.

నవంబరు 16, ఆదివారం

ప్రార్థన చివరి దాకా సాగింది. ఈసారి పిల్ల కంటే ముందు ఇంకొకరి కోసం అడిగాను. ఆయన అసలు పేరు కూడా తెలియదు. కుడి మూలలో పడుకునే ఆయన అని చెప్పుకున్నాను.

పాత బెల్టు ఆఫీసులో తిరిగి ఇచ్చేశాను. కిందే నిలబడి ఇచ్చాను.

నవంబరు 17, సోమవారం

పిల్ల ఏడున్నరకి బయలుదేరుతానంది. అంటే ఎనిమిదింటికి ఫోను.

ఎనిమిదింటికి మోగలేదు. మూటలు కడుతూ ఉన్నాను. ఎనిమిదీ ఐదు. సూపర్వైజరమ్మ ఏదో చెప్తోంది, ఊఁ కొట్టాను. ఎనిమిదీ పదికి మోగింది.

"ఆగానమ్మా. అన్నీ చూశాను. మంచుపెట్టె బెల్టు కాస్త వదులైంది, బిగించాను."

"నిజంగా వదులైందా?"

"ఒక వేలు" అంది. "సరే ఉంటా, ఇక్కడ ఆవులు నన్నే చూస్తున్నాయి."

ఆ పది నిమిషాల్లో కట్టిన మూట ఒకటుంది. మధ్యాహ్నం ఆసుపత్రివాళ్ళు వచ్చినప్పుడు లెక్క చూడటానికి విప్పమన్నారు. ఎక్కడ లాగాలో తెలిసిన నేనే లాగాను. రాలేదు. నా ముడే, ఇరవై రెండేళ్ళ ముడి. ఆఖరికి కత్తెర తెచ్చి కోయాల్సి వచ్చింది.